మిడతకు కందిరీగ కాళ్లు

1984లో జపాన్‌లోని షిజువోకా నుంచి రెండు పురుగులు లోకం మీదికి బయల్దేరాయి. తమియా కంపెనీ ఒకదానికి గ్రాస్‌హాపర్ అని, రెండోదానికి హార్నెట్ అని పేరు పెట్టింది. ఒకటి మిడత, ఇంకోటి కందిరీగ. రెండూ రేడియో తరంగాలతో నడిచే ఎలక్ట్రిక్ బగ్గీలే. అసలు బండిలో పదో వంతు సైజు, బ్యాటరీతో కలిపి సుమారు కిలోన్నర బరువు. నున్నటి రోడ్డు కన్నా మట్టి, ఇసుక, గతుకుల మీదే వాటి సందడంతా. భాగాలన్నీ విడివిడిగా అట్టపెట్టెలో వచ్చేవి. కొన్నవాడే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని బిగించుకోవాలి.

చూడ్డానికి వేరుగా ఉన్నా రెండింటి అడుగునా ఒకే తరహా ఏబీఎస్ ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. కందిరీగకు 540 రకం మోటారు, వెనక నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు. ధర తక్కువగా ఉండాల్సిన మిడతకు చిన్న 380 మోటారు, వెనక ఉత్త స్ప్రింగులు. నలభై ఏళ్లు గడిచాక పాత మిడతను అటక మీంచి దించి తనకు నచ్చినట్టు మలుచుకునేవాళ్లకు తొలి ఆలోచన ఇక్కడే పుడుతుంది. మిడతకు కందిరీగ కాళ్లు తగిలిస్తే పోలా?

ఈ పురుగుల వంశవృక్షం చాలా దూరం పోతుంది. తీగ లేకుండా యంత్రాన్ని నడిపించవచ్చని నికోలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవతో చూపించాడు. బగ్గీ రూపం మాత్రం కాలిఫోర్నియా సముద్రతీరం ఇచ్చింది. పడవలు కట్టడం తెలిసిన బ్రూస్ మేయర్స్ 1964లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ యంత్రభాగాలకు ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తొడిగి మేయర్స్ మాంక్స్ తయారుచేశాడు. 1967లో మెక్సికోలోని బాహా ఎడారి దారుల్లో జరిగిన మొదటి మెక్సికన్ 1000 పందెంలో ఒక మాంక్స్ 27 గంటల 38 నిమిషాల్లో గమ్యం చేరి గెలిచింది. తేలికపాటి ఒళ్లు, వెనక ఇంజను, రాళ్లకు తగలకుండా ఎత్తుగా ఉండే అడుగుభాగం బగ్గీకి ఆనవాళ్లయ్యాయి.

షిజువోకా కథ కట్టెల అడితిలో మొదలైంది. యోషియో తమియా 1946లో పెట్టిన కలప వ్యాపారం, కొద్దికాలానికే చెక్క నమూనాలు చేయడం కూడా చేపట్టింది. ఆయన కొడుకు షున్‌సాకు హయాంలో ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. పోర్షే కారు నమూనా అచ్చుగుద్దినట్టు రావాలని ఆయన అసలు పోర్షే 911నే కొని విప్పించాడు. ఆ పట్టుదలతో తయారైన పోర్షే 934 నమూనాకు 1976లో మోటారు, రేడియో అమరాయి. తమియా తొలి రేడియో కారు అదే. అయితే అది తారు రోడ్డు మీద తిరిగే కారు. మట్టిలోకి దిగడానికి మరో మూడేళ్లు పట్టింది.

1979లో వచ్చిన రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ బగ్గీలను ఇవాళ విప్పినా ముచ్చటేస్తుంది. అసలు బీటిల్‌కు ముందు చక్రాల దగ్గర స్ప్రింగు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు ఉండేవి. ఈ బుల్లి బండ్లలోనూ అదే అమరిక. రిసీవరు, దాని ఆజ్ఞతో మీటలు తిప్పే సర్వోలు నీళ్లకు తడవకుండా పారదర్శకమైన పెట్టెలో కూర్చుంటాయి. అల్యూమినియం పోత భాగాలు చేతికి బరువుగా తగులుతాయి. ఆ బరువే ఖర్చు కూడా. 1984 నాటి మిడతలో లోహం తగ్గి ప్లాస్టిక్ పెరగడానికి కారణం అదే.

ఆ సంవత్సరమే కాలిఫోర్నియాలో అసోసియేటెడ్ కంపెనీ ఎదురుదారి పట్టింది. రోజర్ కర్టిస్ రూపొందించిన ఆర్‌సీ10 బగ్గీకి బంగారు రంగు అల్యూమినియం తొట్టి, నాలుగు చక్రాలకూ నూనె షాకులు పెట్టారు. 1985లో కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో జే హాల్సీ దానితోనే టూ వీల్ డ్రైవ్ కిరీటం గెలిచాడు. ఆర్‌సీ10 పందెపు గుర్రం. మిడత పెరటి నేస్తం.

పెరటి నేస్తాన్ని బాగుచేయబోయేవాడికి మొదటి పరీక్ష స్క్రూల దగ్గరే ఎదురవుతుంది. తల మీద ప్లస్ గుర్తు చూసి మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జపాన్ ప్రమాణం జేఐఎస్ స్క్రూల గాడి ఆకారం కొంచెం వేరు. సరైన స్క్రూడ్రైవర్ పెడితే నలభై ఏళ్ల స్క్రూ కూడా బుద్ధిగా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఇరుసుల దగ్గరి బుష్‌లు తీసి, వాటి స్థానంలో బాల్ బేరింగులు కూర్చోబెడతారు. హాబీవాళ్లు 1150 అని పిలిచే బేరింగు వెలుపలి వ్యాసం 11 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 5. బుష్‌లో ఇరుసు రాసుకుంటూ తిరుగుతుంది, బేరింగులో గుండ్ల మీద దొర్లుతుంది. రాపిడి తగ్గిన మేరకు బ్యాటరీ చక్రాలకు ఎక్కువసేపు పనిచేస్తుంది.

తర్వాత మోటారు. 380 డబ్బా వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్లు, 540ది సుమారు 36. మామూలు 540 మోటారు 7.2 వోల్టుల దగ్గర భారం లేనప్పుడు నిమిషానికి దాదాపు 15,000 చుట్లు తిరుగుతుంది. గేర్లు దాన్ని ఎనిమిదో వంతుకు తగ్గిస్తాయనుకుందాం. చక్రం 85 మిల్లీమీటర్లయితే లెక్క గంటకు 30 కిలోమీటర్లకు తేలుతుంది. నేల రాపిడి, గాలి అందులో కొంత తినేస్తాయి. అయినా చీపురుపుల్లంత ఎత్తు లేని బండికి అది గుండె ఝల్లుమనే వేగమే.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. పాత బండిలో వేగాన్ని అదుపుచేసేది ఒక యాంత్రిక మీట. సర్వో దాన్ని రాగి బిళ్లల మీద అటూ ఇటూ జరుపుతుంది. నెమ్మదిగా పోవాలంటే కరెంటును రెసిస్టరు గుండా మళ్లిస్తుంది. మోటారు 10 ఆంపియర్లు లాగుతుండగా వోల్టేజిలో సగం రెసిస్టరులో పడితే, 36 వాట్లు ఉత్త వేడిగా పోతాయి. వంటింటి పొయ్యికి అదెంత అనిపించవచ్చు, అగ్గిపెట్టెంత చోటున్న ప్లాస్టిక్ బండికి అది సెగే. మోటారు పెద్దదయ్యే కొద్దీ ఆ సెగ పెరుగుతుంది. అందుకే మీట తీసేసి ఎలక్ట్రానిక్ కంట్రోలరు పెడతారు. అందులోని ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తూ, సగటున ఎంత కావాలో అంతే మోటారుకు పంపుతాయి.

ఒకటి మారిస్తే ఇంకోటి మారక తప్పదు. ఆరు నికెల్-కాడ్మియం సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు, కలిపి 7.2. ఇప్పుడు దొరికే లిథియం పాలిమర్ ప్యాకులో రెండే సెల్స్, ఒక్కోటి 3.7, మొత్తం 7.4. లెక్క దగ్గరగానే ఉంది. కానీ లిథియం సెల్ దాదాపు 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. యాంత్రిక మీటకు ఆ సంగతి తెలియదు, చివరి చుక్క దాకా పీల్చేస్తుంది. ఆ గీత దగ్గర ఆపగలిగే కొత్త కంట్రోలరు లేకుండా కొత్త బ్యాటరీ జోలికి పోకూడదు.

రేడియోదీ అదే వరస. అప్పట్లో చాలా సెట్లు 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. తరంగాన్ని నిర్ణయించే క్రిస్టల్ ఒకటే ఉన్న ఇద్దరు ఒక్కచోట చేరితే ఒకరి బండి ఇంకొకరి మాట వినేది. ఆ తరంగం పొడవు 11 మీటర్ల పైమాటే, అందుకే తోకలా పొడవాటి యాంటెన్నా. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 12.5 సెంటీమీటర్లే. యాంటెన్నా బండి కడుపులోనే ఇమిడిపోతుంది. అయినా తోక లేని మిడతను చూడలేక ఖాళీ గొట్టాన్ని అలాగే ఉంచేవాళ్లున్నారు.

ఇక కాళ్ల సంగతి. మిడత వెనక భాగంలో ఇరుసు, గేర్ బాక్స్, మోటారు మూడూ ఒకే ముద్ద. గతుకు తగిలితే ముద్దంతా పైకి లేస్తుంది. స్ప్రింగు కింద వేలాడే బరువు ఎంత ఎక్కువైతే చక్రం నేలను పట్టుకుని ఉండటం అంత కష్టం. పైగా ఉత్త స్ప్రింగు తీసుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే యాక్సిలరేటర్ నొక్కగానే మిడత వెనక కాళ్ల మీద గెంతుతుంది. కందిరీగ షాకులో పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా నూనెను తోస్తుంది, గెంతు శక్తి నూనెలో వేడిగా కరిగిపోతుంది. అలాగని మరీ గట్టి షాకు వేస్తే దెబ్బంతా దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ చెవుల మీద పడుతుంది. దశాబ్దాల ఎండకు పెళుసైన ఏబీఎస్ అక్కడే చీలుతుంది.

ఇన్ని దెబ్బలు తిన్నా ఈ బండ్లు బతికేది సైజు చలవ వల్ల. కొలత పదో వంతయితే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, భాగాల అడ్డుకోత మాత్రం వందో వంతు దగ్గరే ఆగుతుంది. బరువుతో పోలిస్తే బలం పదింతలు. అరమీటరు ఎత్తు నుంచి పడటం అసలు బండికి ఐదు మీటర్లతో సమానం. అంత ఎత్తు నుంచి పడి కూడా బుల్లి బగ్గీ లేచి పరుగెడుతుంది.

రంగు చివరి పని. మిడత ఒళ్లు గట్టి ప్లాస్టిక్, దానికి రంగు పైనుంచి. కందిరీగ ఒళ్లు పల్చటి పాలికార్బొనేట్, దానికి రంగు లోపలినుంచి. అద్దం వెనక బొమ్మ వేసే చిత్రకారుడిలా గీతలు, అక్షరాలు ముందు, నేపథ్యం తర్వాత వేయాలి. రాళ్లు గీరేది పై పొరనే కనుక రంగు క్షేమం.

తమియా 2004లో హార్నెట్‌ను, 2005లో గ్రాస్‌హాపర్‌ను మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. 2010లో శాండ్ స్కార్చర్, 2013లో ఆర్‌సీ10 కూడా తిరిగొచ్చాయి. దాంతో విడిభాగాల కరువు తీరింది. కట్టడం పూర్తయిన మిడత మట్టిలోకి దిగి, నాలుగు గెంతుల చోట ఒక్కటే గెంతి దూసుకుపోతుంది. చూస్తున్నవాడు దాన్ని వెనక్కి తెచ్చి, షాకు మూత విప్పి, నూనె కొంచెం పల్చటిది పోస్తాడు. ఈసారి రెండు గెంతులు.