దొంగ మళ్లీ అదే గుమ్మం ఎందుకు ఎక్కుతాడు?

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు దగ్గరగా రాచ్‌డేల్ అనే ఊరుంది. ఆ ఊళ్లోని కిర్క్‌హోల్ట్ కాలనీలో పురపాలక సంస్థ కట్టించి అద్దెకిచ్చిన 2,280 ఇళ్లుండేవి. 1980ల మధ్యలో అక్కడ ఒక్క ఏడాదిలో 526 ఇంటి చోరీలు నమోదయ్యాయి. అంటే ప్రతి 100 ఇళ్లకు 23. ఆ మరుసటి ఏడాది ఆ సంఖ్య 223కు దిగింది. తర్వాత 167కు, ఆ తర్వాత 132కు వచ్చింది. మూడేళ్లలో నాలుగింట మూడు వంతుల చోరీలు ఆగిపోయాయి. ఇళ్ల రక్షణను అధ్యయనం చేసేవాళ్లు ఈ నాలుగు అంకెలను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ కాలనీలో ఏం చేశారో చూసేముందు, మన వీధుల్లో ఏం చేస్తామో గుర్తు చేసుకుందాం. ఒక ఇంట్లో దొంగలు పడ్డారనగానే వీధిలో మిగతావాళ్లంతా కొత్త తాళాలు కొంటారు, కెమెరాల ధరలు వాకబు చేస్తారు. సొత్తు పోగొట్టుకున్నవాళ్లతో మాత్రం ‘పోయిందేదో పోయింది, ఇక మీ ఇంటి జోలికి రాడులెండి’ అంటాం. మనసు మంచిదే గానీ ఆ మాట నిజం కాదు. వీధిలో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆ ఇల్లే.

దీన్ని స్పష్టంగా లెక్కగట్టింది కెనడాలోని సాస్కటూన్ నగరంలో. అక్కడి పోలీసు రికార్డులను పరిశీలిస్తే, చోరీ జరిగిన ఇంట్లో నెల తిరక్కుండా మళ్లీ చోరీ జరిగే అవకాశం మామూలు కంటే 12 రెట్లు ఎక్కువని తేలింది. ఆ నెలలోపు జరిగిన రెండో చోరీల్లో సగం మొదటి వారంలోనే జరిగాయి. ఆరు నెలలు గడిస్తే ప్రమాదం రెండు రెట్ల కంటే తక్కువకు పడిపోయింది. ప్రమాదం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. మొదటి రోజుల్లో నిటారుగా లేచి, వారాలు గడిచేకొద్దీ వాలిపోతుంది.

500 ఇళ్లున్న ఒక కాలనీని ఊహించుకోండి. ఏడాదికి పది చోరీలు జరుగుతున్నాయనుకుందాం. ఒక ఫలానా ఇంట్లో ఒక నెలలో చోరీ జరిగే అవకాశం 600లో ఒకటి. ఈ అంకె చూసి ఎవరూ నిద్ర పాడుచేసుకోరు. అదే చోరీ జరిగిన ఇంటికి సాస్కటూన్ లెక్క వర్తింపజేస్తే, తర్వాతి నెలలో ఆ అవకాశం 50లో ఒకటవుతుంది. దొంగతనం జరిగిన మర్నాడు వీధంతా ఆ ఇంటి ముందు గుమిగూడి, రెండు రోజుల్లో ఎవరిళ్లలో వాళ్లు సర్దుకుంటున్నామంటే, అసలు కాపలా కావలసిన వారాన్ని చేతులారా వదిలేస్తున్నామన్నమాట.

దొంగ తిరిగి రావడానికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. మొదటిసారి వచ్చినప్పుడే అతనికి ఇంటి లోగిలి తెలిసిపోయింది. డాబా మెట్ల తలుపు ఎంత బలహీనమో, కుక్క ఉందో లేదో, పక్కింటివాళ్లు ఎన్నింటికి పడుకుంటారో తెలిసింది. మోయలేక వదిలేసి వెళ్లిన వస్తువులు గుర్తున్నాయి. పోయిన టీవీ స్థానంలో కొత్తది వస్తుందనీ తెలుసు. పైగా చాలా ఇళ్లలో అతను వంచిన గ్రిల్లు, పగలగొట్టిన గడియ వారాల తరబడి అలాగే ఉంటాయి. వడ్రంగి దొరకలేదనో, పోలీసులు మళ్లీ వచ్చి చూస్తారేమోననో వాయిదా వేస్తాం. క్లూస్ టీమ్ వేలిముద్రలు తీసుకుని వెళ్లాక ఆ తలుపును ఒక్క రాత్రి కూడా అలా ఉంచకూడదు.

కిర్క్‌హోల్ట్‌లో పనిచేసిన కెన్ పీజ్ తదితర పరిశోధకులు సరిగ్గా ఇక్కడే పట్టు బిగించారు. ఉన్న డబ్బును, మనుషులను 2,280 ఇళ్లకూ పలచగా పంచకుండా, చోరీ జరిగిన ఇళ్లమీదే ముందుగా పెట్టారు. ఆ ఇంట్లోకి దొంగ ఏ దారిన వచ్చాడో అడిగి తెలుసుకుని, ఆ దారినే గట్టి చేశారు. వెనక కిటికీ నుంచి వచ్చినవాడికి ముందు తలుపు తాళం మార్చి ప్రయోజనమేముంది? దొంగతనాలు చేసి పట్టుబడ్డవాళ్లతోనూ కూర్చుని మాట్లాడి, ఇల్లు ఎలా ఎంచుకుంటారో తెలుసుకున్నారు.

రెండో పని గ్యాస్, కరెంటు మీటర్ల మీద. అక్కడి చాలా ఇళ్లలో నాణేలు వేస్తేనే నడిచే మీటర్లుండేవి. అంటే ఆ ఇళ్లలో, అందరికీ తెలిసిన చోట, నగదు నిండిన డబ్బా ఉండేది. దొంగలకు వెతుక్కునే శ్రమే లేదు. ఆ మీటర్లను తీయించడం మొదలుపెట్టారు.

మన ఇళ్లలో నాణేల మీటరు లేదు, బీరువా ఉంది. బంగారం ఎక్కడుంటుందో తెలుగు రాష్ట్రాల్లో ఏ దొంగా వెతుక్కోనక్కర్లేదు. పడకగదిలో బీరువా, బీరువాలో లాకరు, దాని తాళంచెవి చీరల మడతల్లోనో బీరువా మీదో. కాలనీకి ఎన్ని కెమెరాలు పెట్టించినా ఈ ఒక్క అలవాటు మారకపోతే ఇంటికి రక్షణ సగమేనని నా నమ్మకం. పెళ్లిళ్లకు తప్ప వేసుకోని నగలను బ్యాంకు లాకరులో పెట్టడం మేలు. దానికీ ఒక అంకె గుర్తుంచుకోవాలి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి కారణాలతో లాకరులోని వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. ఏటా 3,000 రూపాయలు కడుతుంటే 3 లక్షలు. ఈనాటి బంగారం ధరకు అది ఏ మూలకూ చాలకపోవచ్చు. కాబట్టి నగలకు బీమా చేయించి, తూకాలు, ఫొటోలు, రసీదులు వేరే చోట దాచుకోవాలి. చోరీ జరిగాక ‘గొలుసు ఎన్ని గ్రాములు?’ అని పోలీసులు అడిగితే జవాబు చెప్పలేని ఇళ్లు చాలా ఉంటాయి.

కిర్క్‌హోల్ట్‌లో చేసిన మూడో పని అన్నిటికంటే చవకైనది. చోరీ జరిగిన ఇంటికి చుట్టూ ఉన్న దాదాపు ఆరిళ్లవాళ్లను ఒక జట్టుగా కలిపి, ఆ ఇంటిమీద కన్నేసి ఉంచమన్నారు. కొత్త ముఖం కనిపిస్తే పలకరించాలి, అనుమానం వస్తే ఫోను చేయాలి. అంతే. కాలనీ మొత్తాన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండమంటే నాలుగు రోజులకే అందరూ అలసిపోతారు. పక్కింటిని కొన్ని వారాలు చూసుకోమంటే కాదనేవాళ్లుండరు.

మన 500 ఇళ్ల కాలనీతోనే మరో లెక్క వేద్దాం. ప్రతి ఇంటినీ ఏడాదంతా కనిపెట్టాలంటే 500ను 365తో గుణించాలి, 1,82,500 రోజుల కాపలా. చోరీ జరిగిన పది ఇళ్లనూ, ఒక్కోదానికి చుట్టూ ఉన్న ఆరిళ్లనూ 60 రోజులపాటు కనిపెడితే 4,200. మొత్తంలో అది 2.3 శాతం. ప్రమాదం బాగా కూడుకున్న భాగాన్ని ఇంత కొద్ది శ్రమతో కాయవచ్చు.

చుట్టుపక్కల ఇళ్లను లెక్కలోకి తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. లివర్‌పూల్ నగరమున్న మెర్సీసైడ్ ప్రాంతంలో చోరీలను పటం మీద గుర్తించి చూసిన పరిశోధకులకు, ఒక ఇంట్లో దొంగలు పడ్డాక ఒకటి రెండు నెలలపాటు 300 నుంచి 400 మీటర్ల లోపలి ఇళ్లకూ ప్రమాదం పెరుగుతున్నట్టు కనిపించింది. వీధిలో అదే వరుసలో ఉన్న ఇళ్లకు మరీ ఎక్కువ.

ఆరిళ్ల కాపలా మనకు కొత్తేమీ కాదు, సంక్రాంతికి ఊరెళ్తూ ‘వదినా, కాస్త ఇల్లు చూస్తుండండి’ అని చెప్పిపోయే అలవాటు ఉన్నదే. చూస్తుండడమంటే ఏమిటో మాత్రం విడమర్చి చెప్పుకోవాలి. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులతో నిండి ఉంటే, ముగ్గు లేని ఒక్క వాకిలే ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని చెప్పేస్తుంది. గేటు దగ్గర పేపర్లు, పాల ప్యాకెట్లు పోగైనా అంతే. పక్కింటావిడ పొద్దున్నే ఆ వాకిట్లోనూ నాలుగు గీతలు గీయాలి, పేపరు తీసి పెట్టాలి, వాళ్లబ్బాయి స్కూటరు ఆ గేటు ముందు పెట్టుకోవాలి. తలుపుకు బయట వేలాడే తాళం కంటే లోపల ఇమిడిపోయే తాళం నయం, రెక్కీకి వచ్చినవాడికి దూరం నుంచి కనబడదు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ముందుగా నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు చెబితే, ఉచితంగా ఇంట్లో కెమెరా పెడతారు. తాళం వేసిన ఇంట్లో కదలిక కనబడగానే కంట్రోల్ రూమ్‌కు సమాచారం వెళ్తుంది. తెలంగాణలోనూ ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని ప్రతి పండగకూ పోలీసులు అడుగుతూనే ఉంటారు.

ఇక పరికరాలు. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూస్తే, సీసీ కెమెరాలు పెట్టిన చోట నేరాలు సగటున 13 శాతం దాకా తగ్గాయి. ఎక్కువ లాభం వాహనాలు నిలిపే స్థలాల్లో కనిపించింది. ఇరుగుపొరుగు కాపలా బృందాలున్న చోట 16 నుంచి 26 శాతం తగ్గాయి. ఖర్చు చూసినా ఫలితం చూసినా పొరుగువాళ్లే ముందున్నారు. కెమెరా దొంగను పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది, రాకుండా ఆపడంలో దాని శక్తి తక్కువ. రికార్డయ్యే పెట్టె హాల్లో టీవీ కింద కనబడేలా ఉంటే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. ఇంగ్లండ్, వేల్స్ సర్వేలను విశ్లేషించినవాళ్లు, కిటికీలకు తాళాలు, లోపల వేళకు వెలిగే దీపాలు, తలుపులకు గట్టి తాళాలు, బయట మనిషి కదిలితే వెలిగే దీపాలు, ఈ నాలుగూ కలిసి ఉన్న ఇంటికి ఏ రక్షణా లేని ఇంటికంటే 49 రెట్లు ఎక్కువ రక్షణ ఉన్నట్టు లెక్కగట్టారు. మన ఇళ్లకు కిటికీ గ్రిల్లులు ముందునుంచీ ఉన్నాయి. మన బలహీనత డాబా తలుపు, వెనక పెరటి తలుపు. లోపలివైపు మంచి గడియ, అడ్డపట్టీ వేయించడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇదంతా నడవాలంటే మొదటి చోరీ బయటికి రావాలి. ఏమీ పోలేదు కదా, తాళమే కదా విరిగింది అని చాలామంది స్టేషన్ మెట్లెక్కరు. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం కోసం ఇంట్లోకి చొరబడటమే నేరం. సెక్షన్ 331 కింద తాళం తీసో పగలగొట్టో పగలు చొరబడితే 10 ఏళ్ల దాకా, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య అయితే 14 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. సొత్తు పోతే సెక్షన్ 305 కింద 7 ఏళ్ల దాకా. ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్న లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇస్తారు. ఆ కాగితం తీసుకున్న రోజే కాలనీ సంఘానికీ, చుట్టూ ఆరిళ్లకూ చెప్పి, 60 రోజులు ఎప్పటికి పూర్తవుతాయో క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.