చెమ్మను పిండే యంత్రం

1902 వేసవి. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్హెల్మ్స్ ముద్రణాలయంలో రంగుల అచ్చు కుదరడం లేదు. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఒక్కో రంగునూ విడివిడిగా అద్దే పద్ధతిలో కాగితం వెంట్రుకవాసి సాగినా రెండో రంగు పక్కకు జరిగి పడుతుంది. ఈ చిక్కు విప్పే పని బఫెలో ఫోర్జ్ కంపెనీలో పనిచేసే పాతికేళ్ల ఇంజినీరు విల్లిస్ కారియర్‌కు అప్పగించారు. చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపితే అందులోని ఆవిరి నీరై రాలిపోతుందని ఆయన లెక్కగట్టాడు. మనం ఏసీ అంటున్న యంత్రం చల్లదనం కోసం పుట్టలేదు. చెమ్మ తీయడానికి పుట్టింది.

డీహ్యూమిడిఫయర్ నేటికీ ఆ మొదటి పనే చేస్తోంది. ఫ్యాను లాగిన గాలి ముందుగా చల్లటి రాగి చుట్టను తాకుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టు చుట్ట మీద నీటి బొట్లు కట్టి, ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి తొట్టిలోకి జారుతాయి. పొడిబారిన గాలి వెనకున్న వేడి చుట్ట మీదుగా బయటికొస్తుంది. అందుకే ఈ యంత్రం నడిచే గది కాస్త వేడెక్కుతుంది కానీ చల్లబడదు.

న్యూజెర్సీ వంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు బేస్‌మెంట్ కొత్త. మట్టిని ఆనుకున్న కాంక్రీటు గోడ నడివేసవిలోనూ చల్లగా ఉంటుంది. బయటి తడిగాలి దాన్ని తాకగానే చెమ్మ, వెనకే బూజు. గాలి ఆడాలని జూలైలో కిటికీ తెరిస్తే తేమ ఇంకా పెరుగుతుంది.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది పింట్ల లెక్క దగ్గర. యంత్రం రోజుకు ఎన్ని పింట్ల నీరు తీస్తుందో పెట్టె మీద రాస్తారు. పింటు అంటే అర లీటరుకు కాస్త తక్కువ. 2019కి ముందు ఆ పరీక్ష 80 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద జరిగేది. అంత వెచ్చని బేస్‌మెంట్ ఎక్కడుంది? అమెరికా ఇంధన శాఖ దాన్ని 65 డిగ్రీలకు మార్చింది. దాంతో నిన్నటి 70 పింట్ల యంత్రం ఇంచుమించు 50 పింట్లదైంది. పాత అంకె చూసి కొత్తది బలహీనమనుకోకండి.

నా మటుకు బ్రాండు పేరు కంటే రెండు సదుపాయాలు ముఖ్యం. తొట్టి నిండితే యంత్రం ఆగిపోతుంది కాబట్టి నీటిని డ్రెయిన్‌లోకి వదిలే గొట్టం ఉండాలి. డ్రెయిన్ ఎత్తులో ఉంటే పంపు కావాలి. చలిలో చుట్ట మీద పేరుకునే మంచును తానే కరిగించుకునే ఆటో డీఫ్రాస్ట్ తప్పనిసరి. తేమ 50 శాతం దగ్గర నిలిస్తే చాలు. గోడలోంచి నీరే ఊరుతుంటే మాత్రం ముందు గట్టర్లు, ఇంటి చుట్టూ నేల వాలు బాగుచేయించాలి. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు.

పాతది చవకగా దొరికిందని తెచ్చుకునేవారికి ఒక మాట. గ్రీ కంపెనీ తయారుచేయగా పలు బ్రాండ్ల పేర్లతో అమ్ముడైన 20 లక్షలకు పైగా యంత్రాలను, అతిగా వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉందని 2013లో అమెరికాలో వెనక్కి పిలిచారు. మీ ఇంట్లో ఆ కాలం నాటిది ఉంటే ప్లగ్గు తీసేసి, దాని మోడల్ నంబరు రీకాల్ జాబితాలో ఉందేమో ఇవాళే చూడండి.