గాలిలోయ నౌసికా: ఒక చిత్రనవల పరిచయము

కథ చదువుట యనగా అక్షరముల వరుసను కన్నులతో వెంబడించుట యని మన యలవాటు. బొమ్మ యున్నచో అది కథకు అలంకారము. 1947వ సంవత్సరమున వెలువడిన ‘చందమామ’ మొదలుకొని మన పిల్లల పత్రికలలోని బొమ్మలు ఎంత సొగసైనవైనను, వానిని తీసివేసినచో కథకు లోటు రాదు. చిత్రనవల యట్టిది గాదు. అందు బొమ్మయే వాక్యము. బొమ్మను తీసివేసినచో మిగులునవి తెగిన పూసలవంటి నాలుగు మాటలు మాత్రమే. తెలంగాణమున చేర్యాల నకాషీలు పొడవైన గుడ్డపై గడులు గడులుగా పురాణకథలను వ్రాయగా, కథకులు ఆ పటమును విప్పుచు ఊరివారికి వినిపించు ఆచారము కలదు గనుక, ఈ పద్ధతి మనకు బొత్తిగా క్రొత్తదని చెప్పరాదు. కాని వేయిపుటలకు మించిన నవలను, చెప్పువారు లేకుండ, ఒంటరిగా కూర్చుండి బొమ్మలనుండియే గ్రహించుట వేఱొక విద్య.

మాకు ఆ విద్యయందు రుచి పుట్టించినది జపానుదేశపు విజ్ఞానకల్పిత కథ యొకటి. దాని పేరు ‘గాలిలోయ నౌసికా’. కళాశాలలో చదువుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, ఏడు సంపుటములను మా బల్లపై నుంచి, “అత్తయ్యా, మొదటిది చదివి, ఆపగలిగినచో ఆపుడు” అని నవ్వుచు పోయినది. పదిదినములలో ఏడును ముగిసినవి. ఆ పదిదినములును అన్నము వార్చుచున్నను, బట్టలు మడచుచున్నను, ఏదో యొక గడిలోని బొమ్మ మా కన్నులయెదుట నిలిచియే యుండెను.

ఈ కథను వ్రాసి చిత్రించినవారు హయావో మియజాకి గారు. వీరు 1941వ సంవత్సరమున టోక్యో నగరమున జన్మించిరి. చలనచిత్రములవలన వీరి పేరు లోకప్రసిద్ధమైనది. అయితే తొలిదినములలో వీరు తలపెట్టిన చలనచిత్రములకు, ముందుగా అచ్చయి పేరుపొందిన మూలకథ లేదను కారణమున, ధనము పెట్టువారు జంకిరి. అందుచే నౌసికా కథ 1982వ సంవత్సరము ఫిబ్రవరి సంచిక మొదలుగా ‘అనిమేజ్’ అను మాసపత్రికలో చిత్రకథగా వెలువడసాగినది. 1984లో ఇందలి తొలిభాగము చలనచిత్రమయ్యెను. మఱుసటి యేడు స్టూడియో జిబ్లీ స్థాపితమయ్యెను. మియజాకి గారు చలనచిత్రములలో మునిగినపుడెల్ల పత్రికలో కథ నిలిచిపోవుచు, మరల సాగుచు, 1994 మార్చి సంచికతో ముగిసినది. పండ్రెండేండ్లు! మొదటి సంచిక చదివిన బాలిక తుదిసంచిక నాటికి బిడ్డతల్లి యయి యుండవచ్చును. కథయు అట్లే చదువరులతోపాటు వయస్సు మీఱినది. మొదట సాహసకథవలె కనబడునది పోనుపోను మానవజాతినే విచారణకు నిలుపు గ్రంథమైనది.

కథాకాలము మన కాలమునకు మిక్కిలి దూరము. యంత్రములతో విఱ్ఱవీగిన పురాతన నాగరకత ‘అగ్నిమయ సప్తదినములు’ అను మహాయుద్ధములో దగ్ధమై వేయి యేండ్లైనది. అప్పటి విషము నేలలో నింకి, దానిపై శిలీంధ్రముల మహారణ్యమొకటి సముద్రమువలె వ్యాపించినది. ఆ యడవి విడుచు గాలి పీల్చినచో కొలదిసేపటిలో ఊపిరితిత్తులు కుళ్లిపోవును. ముఖమునకు తొడుగు లేనిదే లోనికి పోరాదు. దానిని కాపాడునవి మహాకాయములైన కీటకములు. వానిలో పెద్దవి ‘ఓములు’. ఒక్కొక్క ఓము కొండవలె నుండును. దానికి పదునాలుగు కన్నులు. శాంతముగా నున్నపుడు ఆ కన్నులు నీలముగను, కోపించినపుడు ఎఱ్ఱగను వెలుగును. సముద్రపుగాలి నిత్యము వీచుటచే విషము సోకని యొక చిన్న లోయకు నౌసికా రాజకుమార్తె. ఇరుగుపొరుగు మహారాజ్యములు యుద్ధమునకు దిగుటయు, పాతయొప్పందము ననుసరించి రోగియైన తండ్రికి బదులుగా ఆమె యుద్ధభూమికి పోవలసి వచ్చుటయు కథకు మొదలు.

ఇక చదువు విధము. జపాను గ్రంథములు కుడినుండి ఎడమకు సాగును గనుక, ఉర్దూ పుస్తకమువలె చివరి యట్టయని మన మనుకొనుదానినుండి తెఱవవలెను. పుట గడులుగా విభజింపబడియుండును. ఒక గడికిని మఱుసటి గడికిని నడుమ సన్నని తెల్లని సందు. కథలో సగము ఆ సందులోనే జరుగును! దానిని పూరింపవలసినది చదువరియే. ఒక యుదాహరణము: అడవినుండి తెచ్చిన చిన్న జంతువొకటి భయముచే నౌసికా వ్రేలిని కఱచును. ఆమె చేయి వెనుకకు తీసికొనదు, కసరదు, కఱవనిచ్చి యూరకుండును. కొంతసేపటికి ఆ ప్రాణి శాంతించి గాయమును నాకును. ఆమె యోర్పు ఎంతటిదో రచయిత విశేషణములతో వర్ణింపలేదు. పంటి పట్టు, ఆమె ముఖము, సడలిన పట్టు — ఇవి చూచి మనమే తెలిసికొందుము. సంపుటములందలి బొమ్మలు గోధుమవన్నె సిరాతో ముద్రితములు. గడులు చిన్నవి, వానిలోని పని సూక్ష్మము. త్రొందరగా పుటలు త్రిప్పువారికి ఇందు సగము దక్కదు.

ఇట్లు నిలిచి చూచుటయే కథానాయిక గుణము గూడ. అందఱును అడవిని చూచి భయపడి తగులబెట్టజూతురు. ఈమె మాత్రము అందలి మొక్కల బీజములను రహస్యముగ తెచ్చి, తన కోటలో నేల లోతునుండి తోడిన నీటితోను, మలినము లేని మట్టితోను పెంచును. పెంచి చూడగా అవి విషము విడువవు! విషము మొక్కలది గాదు, నేలది. అడవి ఆ విషమును పీల్చి, శుద్ధిచేసి, నిరపాయమైన ఇసుకగా మార్చుచున్నదని క్రమముగ తెలియును. శత్రువనుకొన్నది వైద్యురా లయినది. ఈ కల్పనకు నిజమైన వేరొకటి కలదు. జపానులో మినమాటా సముద్రశాఖలోనికి ఒక రసాయన కర్మాగారము వదలిన పాదరసము చేపలలో చేరి, వానిని తిన్నవారికి ఘోరమైన నరముల వ్యాధి కలిగించినది. 1956లో ఆ వ్యాధి బయల్పడినది. గర్భస్థశిశువులకు సైతము ఆ విషము సోకినది. మియజాకి గారి తలంపులకు ఆ విషాదము ప్రేరణ మయ్యెనని ప్రసిద్ధి. మన చెఱువులను, వాగులను, బావులను తలచుకొన్నచో ఈ కథ జపానువారికే చెందినదని యెవ్వరును అనరు.

స్త్రీలమైన మనకు ఈ గ్రంథమున మఱియొక విశేషము గోచరించును. ఇది ఆద్యంతము తల్లుల కథ. నౌసికా తండ్రికి పదునొకండుగురు సంతానము. విషవాయువు కారణమున బ్రతికినది ఈమె యొక్కతెయే. పదిమందిని పోగొట్టుకొన్న తల్లి గుండెలో ఈ బిడ్డకు చోటు మిగులలేదు. ఆ సంగతి నౌసికా కథ చివఱ నెమ్మదిగా, నింద లేకుండ చెప్పును. ఆమెకు ప్రతిపక్షముననున్న సేనాని కుషానాయు రాజకుమార్తెయే. ఆమెకై కలిపిన విషమును తల్లి తాను త్రాగి, మతి చెడి, బొమ్మనొకదానిని కూతురనుకొని హత్తుకొని యుండును. ఆ కఠినురాలి కత్తివెనుక ఇంత దుఃఖమున్నదని తెలిసిన పిమ్మట ఆమెను ద్వేషింపలేము. ఇక తుదిసంపుటమున, లోకమును దహించిన పురాతన యుద్ధయంత్రము లేచి, పసిబిడ్డవలె నౌసికాను “అమ్మా” అని పిలుచును! తల్లిప్రేమ నెఱుగని కన్యకు, లోకసంహారకమైన ఆయుధము బిడ్డ. దానిని దండింపవలెనా, లాలింపవలెనా, వాడుకొనవలెనా? బిడ్డ ముఖము చూచుచు తన యవసరముకొఱకు మధురముగ మాటాడు తల్లి మనస్సులోని వెలితి ఆ గడులలో కనబడినట్లు మఱెక్కడను మేము చూచియుండలేదు.

నాయిక పేరును గూర్చి రెండు మాటలు. నౌసికా యనునది గ్రీకు మహాకవి హోమరుని కావ్యమున, ఓడ పగిలి తీరమున పడిన వీరుని ఆదరించిన రాజకుమార్తె పేరు. రెండవ మూలము జపాను ప్రాచీనకథ. అందొక ప్రభుకన్య కనుబొమలు పెఱికించుకొనుట, పండ్లకు నల్లరంగు పూసికొనుట మొదలగు నాటి యలంకారములను విడిచి, గొంగళిపురుగులను పెంచుచు, అవి సీతాకోకచిలుకలగు విధమును పరిశీలించుచుండును. చుట్టుపట్లవారు ఆమెను వింతగా చూచిరి. ఆ కన్య యటుపిమ్మట ఏమయ్యెనో యను యోచన ఈ నౌసికాకు ఒక బీజము.

ఒక హెచ్చరిక. ఇందు యుద్ధమును మరణములును విరివిగా కలవు. పసివారి చేతికిచ్చునది గాదు. తల్లి ముందు చదివి, ఎదిగిన పిల్లలకు ఇచ్చుట మేలు. ఆంగ్లానువాదము లభించును, వాక్యములు చిన్నవి గనుక కొలది ఆంగ్లము వచ్చినవారికిని సాధ్యమే. ఇంటిపనుల నడుమ చదువుకొను మనకు ఈ రూపము అనుకూలము గూడ. పాలు పొంగినపుడు లేచిపోయి, తిరిగివచ్చి అదే గడివద్ద కూర్చుండవచ్చును. బొమ్మ మన జ్ఞాపకములో అట్లే యుండును.

రుచి కుదిరినవారు ఇంకను ముందునకు పోవచ్చును. ఇరానులో తన బాల్యమును మార్జాన్ సత్రాపి గారు చిత్రించిన ‘పెర్సెపొలిస్’ 2000వ సంవత్సరమున వెలువడ నారంభించినది. యూదులపై జరిగిన దారుణములను తెలుపు ఆర్ట్ స్పీగెల్‌మన్ గారి ‘మౌస్’ 1992లో ప్రత్యేక పులిట్జర్ బహుమానము నందినది. మన దేశమున 2011లో వెలువడిన ‘భీమాయన’మున అంబేడ్కరు గారి జీవితమునకు గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం దంపతులు బొమ్మలు వ్రాసిరి.

నౌసికా కథ యెట్లు ముగియునో మేము చెప్పము. అడవినిగూర్చియు మనుష్యులనుగూర్చియు చివఱ తెలియు సత్యము మిక్కిలి కఠినమైనది. దానిని విన్న పిమ్మట నౌసికా తానొక్కతెయే ఒక నిర్ణయము చేయును. అది న్యాయమని మేమును, తగదని మా మేనకోడలును ఇంకను వాదించుకొనుచునే యున్నాము. చదివిన సోదరీమణులు ఆ వాదములో ఏ పక్షమున నిలుతురో తెలిసికొన మాకు కుతూహలముగా నున్నది.