ఆస్తి సరే, నెలకు ఎంత?

మన మధ్యతరగతి ఇళ్లలో పదవీ విరమణకు సిద్ధంగా ఉన్నామా లేదా అన్నది ఆస్తుల లెక్కతోనే తేల్చుకుంటారు. సొంత ఇల్లు, ఊరి బయట ఒక ప్లాటు, పెళ్లిళ్లకు పెట్టగా మిగిలిన బంగారం, చివర్లో చేతికొచ్చే పీఎఫ్, గ్రాట్యుటీ. అన్నీ కూడితే కోటి దాటుతుంది, ఇక దిగులెందుకు అనిపిస్తుంది. కానీ జీతం ఆగిన మరుసటి నెల పాలకూ మందులకూ కరెంటు బిల్లుకూ కట్టాల్సింది నగదు. ఆ నగదు నెలకు ఎంత వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది, భర్త పోతే భార్య చేతికి ఎంత అందుతుంది? వీటికి జవాబు చెప్పలేని ఆస్తి పిల్లలకు వారసత్వంగా పనికొస్తుందేమో గానీ, ముసలితనానికి ఆదరువు అవుతుందన్న నమ్మకం లేదు.

ఇది కొందరి అలవాటు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. కుటుంబాల ఆర్థిక స్థితిపై రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం సగటు భారతీయ కుటుంబం ఆస్తిలో 77 శాతం భూమి, ఇళ్ల రూపంలో ఉంది. బంగారం 11 శాతం. డిపాజిట్లు, బీమా, పింఛను, షేర్లు వంటి ఆర్థిక ఆస్తులన్నీ కలిపి 5 శాతమే. భూమిని నమ్ముకోవడం తెలివితక్కువతనమని అనలేం. హైదరాబాద్ చుట్టుపక్కల స్థలం కొన్నవాళ్లను ఆ భూమి చాలావరకు నిరాశపరచలేదు. పైగా బ్యాంకులో ఉన్న డబ్బును బంధువులు అప్పడుగుతారు, స్థలాన్ని ఎవరూ అడగరు. అయితే విలువ పెరగడం వేరు, ఆదాయం రావడం వేరు. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేలు అద్దె వస్తే ఏడాదికి 3 శాతం, అదీ ఇంటిపన్ను, మరమ్మతులు, ఖాళీగా ఉన్న నెలలు లెక్కలోకి తీసుకోకముందు. ప్లాటు మీద అదీ రాదు. ఆసుపత్రి బిల్లు లక్ష వచ్చిందని 200 గజాల స్థలంలోంచి ఐదారు గజాలు కోసి అమ్మలేం. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి నెలనెలా సొమ్ము తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ పద్ధతి 2007లోనే వచ్చింది. పిల్లలకు దక్కాల్సిన ఇంటిపై బతికుండగానే అప్పు చేయడానికి మనసొప్పక కావచ్చు, దాన్ని వాడుకున్నవాళ్లు చాలా తక్కువ.

నెలసరి ఆదాయం విలువ అందరికంటే బాగా అర్థమైంది ప్రభుత్వోద్యోగులకు. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను పోయి చందాతో నడిచే పింఛను పథకం వచ్చింది: కేంద్రంలో ఎన్‌పీఎస్, రాష్ట్రంలో సీపీఎస్. అందులోనూ చివర్లో లక్షలు చేతికొస్తాయి. అయినా ఇరవై ఏళ్లుగా వాళ్ల పోరాటమంతా నెలకు ఇంత అని కచ్చితంగా తేల్చి చెప్పే హామీ కోసమే. 25 ఏళ్ల సర్వీసు పూర్తి చేసినవారికి చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఇస్తామంటూ 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తెచ్చిన ఏకీకృత పింఛను పథకం ఆ ఒత్తిడికి ఇచ్చిన జవాబే. ప్రైవేటు ఉద్యోగికి అలాంటి సంఘబలం లేదు. తనకు నెలకు ఎంత వస్తుందన్న ప్రశ్న కూడా సాధారణంగా యాభై దాటాకే వేసుకుంటాడు.

వేసుకున్నాక తెలిసేది ఇది. యజమాని కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం మేర ఉద్యోగుల పింఛను పథకానికి, అంటే ఈపీఎస్‌కు వెళ్తుంది. కానీ 2014 సెప్టెంబరు నుంచి లెక్కలోకి తీసుకునే జీతం 15 వేలకు మించదు. అధిక పింఛనుకు అర్హత సంపాదించుకున్నవారిని మినహాయిస్తే, ఎంత జీతగాడికైనా లెక్క ఒకటే: ఆ జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 35 ఏళ్ల సర్వీసుకు వచ్చేది 7,500 రూపాయలు. కనీస పింఛను వెయ్యి. ఆంధ్రప్రదేశ్‌లో పేద వృద్ధులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సామాజిక పింఛను 4 వేలు కాగా, దశాబ్దాల పాటు చందా కట్టిన కార్మికుడికి వెయ్యి రూపాయలు హామీగా చూపడం ఈ పథకానికి గౌరవం కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: 2014 సెప్టెంబరు 1 తర్వాత 15 వేలకు మించిన మూలవేతనంతో మొదటిసారి ఉద్యోగంలో చేరినవారు ఈపీఎస్‌లో సభ్యులే కారు. యజమాని వాటా అంతా పీఎఫ్‌లోకే పోతుంది. మాదాపూర్ ఐటీ కుర్రాళ్లలో చాలామందికి పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో నుంచి ఒక్క రూపాయి పింఛను కూడా రాదన్నమాట. వాళ్లకున్నది పీఎఫ్ మూట ఒక్కటే, దాన్నీ కంపెనీ మారినప్పుడల్లా ఖాళీ చేస్తుంటారు. ముప్పయ్యో ఏట తీసేసిన లక్ష రూపాయలు 8 శాతం వడ్డీతో 58 ఏళ్ల దాకా ఉంటే ఎనిమిదిన్నర లక్షలు దాటేవి.

డబ్బు నెలనెలా వచ్చేలా మార్చుకోవడం కష్టమేమీ కాదు. 60 దాటినవారు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టొచ్చు. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500 వస్తుంది. దానికి ఐదు వేల ఈపీఎస్, పదిహేను వేల అద్దె కలిస్తే ఒక జంటకు నెలకు 40 వేలు కూడతాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో సొంతింట్లో ఉండేవాళ్లకు అది నేటికి చాలొచ్చు. మరి రేపటికి? ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఈపీఎస్‌కు కరవు భత్యం లేదు. డిపాజిట్ వడ్డీ ధరలతో పాటు పెరగదు. ఇక్కడ భూమిని నమ్మేవాళ్ల మాటలో నిజముంది: ఈ మూడింటిలో కాలంతో పెరిగేది అద్దె ఒక్కటే. అందుకే పోగు చేసినదంతా తీసుకెళ్లి డిపాజిట్లలో పోయడం కూడా పొరపాటే. పదేళ్ల దాకా అవసరం రాదనుకున్న భాగాన్ని మ్యూచువల్ ఫండ్లలోనో ఎన్‌పీఎస్‌లోనో ఈక్విటీలో ఉంచాలి. షేర్లంటే భయపడేవాళ్లు ధరలకు భయపడకపోవడం విచిత్రం.

పిల్లలుండగా ఈ లెక్కలెందుకని అడిగేవారు ఉంటారు. పిల్లలు చూడరని ముందే అనుమానించమని ఎవరూ చెప్పడం లేదు. కానీ వాళ్లకూ ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ఉంటాయి. డాలస్‌లో ఉన్న కొడుకు పంపే డబ్బు అతని ఉద్యోగం ఉన్నన్నాళ్లే వస్తుంది. ఆస్తి ముందే రాసిచ్చి వాళ్ల మీద ఆధారపడటం మరీ ప్రమాదం. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. కానీ చాలామంది దానపత్రంలో ఆ షరతు రాయించరు. తక్కువ సంపాదించే వాళ్ల సంగతేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో 18 ఏళ్లకు చేరి నెలకు 210 రూపాయలు కడితే 60వ ఏట నుంచి 5 వేలు వస్తాయి. చేరడం మంచిదే. అయితే 42 ఏళ్ల తర్వాత వచ్చే ఆ 5 వేలు, 6 శాతం ధరల పెరుగుదల లెక్కన, నేటి 450 రూపాయల పాటి కూడా చేయవు. పేదవాడి ముసలితనానికి సొంత పొదుపు ఒక్కటే దారి అనడం అన్యాయం. అక్కడ ప్రభుత్వం ఇచ్చే సామాజిక పింఛను ఉండి తీరాలి.

అన్నిటికంటే తక్కువ చర్చ జరిగేది భార్య గురించి. అంచనాల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లకు చేరిన పురుషుడు సగటున మరో 17.5 ఏళ్లు, స్త్రీ 19 ఏళ్లు బతుకుతారు. భార్య వయసులో నాలుగైదేళ్లు చిన్నదైతే, భర్త పోయాక దాదాపు ఆరేళ్లు ఒంటరిగా గడపాలి. ఈపీఎస్‌లో ఆమెకు వచ్చేది భర్త పింఛనులో సగం. బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ, అంటే ఒకేసారి సొమ్ము కట్టి నెలనెలా పింఛను పొందే పాలసీ, కొన్నప్పుడు భర్త జీవితకాలానికే అని టిక్ పెడితే నెలకు కాస్త ఎక్కువ వస్తుంది, ఆయనతోనే అది ఆగిపోతుంది. తన తర్వాత భార్యకూ పూర్తిగా అందే రకాన్ని ఎంచుకుంటే నెలకు కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపును నష్టం అనుకోకూడదు. ఈ నెలలోనే ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. పింఛను వాటా జమవుతోందో లేదో చూడండి. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ ఉంటే మార్చండి. తర్వాత ఒక కాగితం మీద, భర్త లేని నెలలో భార్య చేతికి వచ్చే మొత్తం ఎంతో ఆమె చేతే రాయించండి.