కూతురి కంచంలో అన్నం తగ్గుతోందా?

మొన్నటిదాకా ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలిపి ఇష్టంగా తిన్న పదో తరగతి అమ్మాయి ఇప్పుడు కంచం పక్కకు జరిపి, ‘నాకు అన్నం వద్దమ్మా, కీరా ముక్కలు చాలు’ అంటోంది. నెలలో పది కిలోలు తగ్గానని ఎవరో చెప్పిన రీలు చూసిందట. ఆ మాటల్లో నిజమెంతో ముందు మనకు తెలిస్తేనే పిల్లకు చెప్పగలం.

అపోహ: అన్నం మానేస్తే సన్నబడతారు.

వాస్తవం: ఒక్క అన్నం వల్లే ఎవరూ లావెక్కరు. రోజంతా ఎంత తిన్నాం, ఎంత కదిలాం అన్నదే లెక్క. అన్నం మానేసిన మొదటి వారంలో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13–15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 కిలో కేలరీల శక్తి కావాలి. కీరా ముక్కలతో అది సమకూరదు.

అపోహ: ఈ వయసులో ఒళ్లు చేస్తే తిండి ఎక్కువైనట్టే.

వాస్తవం: రజస్వల అయ్యే ముందూ తర్వాతా తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం సహజం. పెద్దల బీఎంఐ అంకెలు ఎదిగే పిల్లలకు వర్తించవు. వయసును బట్టి చూసే పట్టికలు వేరే ఉన్నాయి. సందేహముంటే పిల్లల డాక్టర్‌ని అడగండి.

అపోహ: డీటాక్స్ జ్యూసులు ఒంట్లోని మలినాలను కడిగేస్తాయి.

వాస్తవం: ఆ పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి. భోజనం బదులు జ్యూసు తాగితే మాంసకృత్తులు, పీచు, ఐరన్ తగ్గిపోతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే అది ఒంటబట్టడం తగ్గుతుంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మానకుండా వేసుకోమనండి.

అపోహ: లక్షల మంది ఫాలోవర్లుంటే నిపుణులే.

వాస్తవం: ఫాలోవర్ల సంఖ్య చదువుకు గుర్తు కాదు. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు వెల్లడించాలని మన ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో నిబంధన పెట్టింది. అమ్మాయి పక్కన కూర్చుని ఆ వీడియో మీరూ చూడండి. ఈవిడ ఏం చదివింది? చివర్లో ఏ పొడి అమ్ముతోంది? సన్నని నడుము పక్కన తలుపు చట్రం వంకరపోయిందా? అలా పోయిందంటే ఆ నడుము యాప్‌లో చెక్కిందే. ఒకసారి కనిపెట్టడం వచ్చాక అలాంటి బొమ్మలను పిల్లే మీకు చూపిస్తుంది.

అపోహ: ఫోన్ లాక్కుంటే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: ఫోన్‌కి హద్దులు ఉండాల్సిందే. కానీ పెళ్లిలో ‘ఏమ్మా, బాగా ఒళ్లు చేశావే!’ అన్న మాట, అద్దం ముందు అమ్మ తన పొట్టను తిట్టుకోవడం కూడా పిల్ల మనసులో నాటుకుంటాయి. ఈసారి ఎవరైనా అంటే, ‘వదినా, దాని బరువు సంగతి వదిలెయ్, కబడ్డీలో గెలిచింది, అది అడుగు’ అని పిల్ల వినేలా చెప్పండి.

మూడు నెలలుగా నెలసరి రాకపోయినా, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి వాంతి చేసుకుంటున్నా, తరచూ కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. మానసిక సాయానికి టెలి మానస్ నంబరు 14416. ఇది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ రాత్రి ఫోన్లు పక్కన పెట్టి అందరూ కలిసి భోంచేయండి. బరువు ఊసెత్తకుండా, ‘ఇంకొంచెం పప్పు వెయ్యనా అమ్మా?’ అని అడగండి.