క్లోమనాళంలో ఊరే సోడా నీరు

క్లోమం అనగానే చాలామందికి షుగరు జబ్బే గుర్తుకు వస్తుంది. ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది కనుక అది సహజమే. అయితే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే భాగం నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే. మిగిలినదానిలో ఎక్కువ భాగం మనం తిన్న అన్నం, పప్పు, నూనె అరగడానికి పనిచేసే గ్రంథి. ఈసారి ఆ గ్రంథిలోని సన్నని నాళాల లోపలి పొర చేసే పనిని గురించి చెప్పదలిచాము. క్లోమం వాపుతో వచ్చే రోగులు, వారి ఇంటివారు మమ్మల్ని అడిగే చాలా ప్రశ్నలకు జవాబు ఆ పొరలోనే ఉంది.

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా, జానెడు కంటే కాస్త తక్కువ పొడవున ఉంటుంది. రోజుకు సుమారు ఒకటిన్నర లీటర్ల రసం అందులో ఊరుతుంది. ఆ రసంలో ఎంజైములను ద్రాక్షగుత్తి లాంటి కణాల గుంపులు తయారుచేస్తాయి. వాటిని ప్రేగులోకి మోసుకుపోయే నీటిలో ఎక్కువ భాగం, అందులో కరిగి ఉండే బైకార్బొనేట్ నాళాల పొర నుండి వస్తాయి. బజ్జీల పిండిలో వేసే వంటసోడా ఉన్నదే, అది సోడియం బైకార్బొనేట్. అదే పదార్థం మన కడుపులోనే తయారవుతోందన్న మాట.

ఎందుకు? జీర్ణాశయం నుండి చిన్న ప్రేగులోకి దిగే ఆహారం బాగా పులిసిన ఆమ్లంతో కలిసి వస్తుంది. ఆ ఆమ్లం విరగకపోతే క్లోమం పంపిన ఎంజైములు పని చేయలేవు, ప్రేగు గోడ కూడా పుండు పడుతుంది. కాబట్టి బైకార్బొనేట్ వెళ్ళి ఆమ్లాన్ని విరగ్గొడుతుంది.

పొర ఎలా పనిచేస్తుంది?

నాళం గోడ ఒకే వరుస కణాలతో కట్టి ఉంటుంది. ప్రతి కణానికీ ఒక ప్రక్క రక్తం, మరొక ప్రక్క నాళం. ఉప్పు నీటిలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అని విద్యుత్ గుణం గల కణికలుగా విడిపోతుంది. వీటినే అయాన్లు అంటారు. ఇవి కణం పొరను వాటంతట అవి దాటలేవు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ద్వారం కావాలి.

రక్తం ప్రక్కన ఒక పంపు ఉన్నది. మూడు సోడియంలను బయటకు తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. శక్తి ఖర్చయ్యేది ముఖ్యంగా ఇక్కడే. ఈ పంపు వలన కణంలో సోడియం తక్కువగా ఉంటుంది కనుక బయటి సోడియం లోపలికి రావడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. దానికి తెరుచుకునే ద్వారాలలో ఒకటి, వచ్చే సోడియంతో పాటు బైకార్బొనేట్‌ను కూడా రక్తం నుండి లోపలికి తెస్తుంది. కణం తనలోని కార్బన్ డయాక్సైడ్ నుండి కూడా కొంత బైకార్బొనేట్ తయారుచేసుకుంటుంది.

ఇక నాళం ప్రక్కన సి.ఎఫ్.టి.ఆర్. అనే తలుపు ఉన్నది. అది తెరుచుకుంటే క్లోరైడ్ నాళంలోకి జారుతుంది. దాని ప్రక్కనే మార్పిడి చేసే ద్వారం మరొకటి. నాళంలోని క్లోరైడ్‌ను లోపలికి తీసుకుని, బదులుగా బైకార్బొనేట్‌ను బయటకు ఇస్తుంది. లోపలికి వచ్చిన క్లోరైడ్ మళ్ళీ తలుపు గుండా బయటకు పోతుంది. సంతలో ఒకే నోటు చేతులు మారినట్టు అదే క్లోరైడ్ తిరుగుతూ ఉంటుంది, బైకార్బొనేట్ మాత్రం నాళంలో పెరుగుతూ పోతుంది. చివరకు క్లోరైడ్ బాగా తగ్గినప్పుడు ఆ తలుపు తానే బైకార్బొనేట్‌ను కూడా వదులుతుంది. అందువలన రక్తంలో లీటరుకు 24 మిల్లీమోల్‌ల దగ్గర ఉండే బైకార్బొనేట్, క్లోమరసంలో 140 వరకు చేరగలదు.

మరి నీరు? మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే ఊట వస్తుంది కదా, ఇదీ అంతే. బైకార్బొనేట్ వెనుక సోడియం కణాల సందులగుండా వస్తుంది, వాటి వెనుక నీరు వస్తుంది. ఎంజైములను ప్రేగులోకి కడిగి పంపేది ఈ నీరే.

ఈ పని మొదలుపెట్టమని చెప్పేది ఎవరు? నరాలే అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క ప్రేగులో కొంత భాగానికి నరాలు కత్తిరించి అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది! ప్రేగు పొర నుండి రక్తంలోకి వెళ్ళే ఆ సందేశానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చారు.

తలుపు పనిచేయకపోతే

కొందరు పిల్లలు పుట్టుకతోనే సి.ఎఫ్.టి.ఆర్. తలుపు లోపంతో ఉంటారు. వారి నాళాలలో నీరు ఊరక రసం జిగురుగా గడ్డకడుతుంది, క్లోమం క్రమంగా మచ్చకట్టిపోతుంది. 1938లో అమెరికాలో డాక్టర్ డొరొతీ ఆండర్సన్ దీనిని వివరించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పేరు క్లోమం రూపాన్ని బట్టి వచ్చినదే. కారణమైన జన్యువు 1989లో దొరికింది. చెమట గ్రంథులలో ఇదే తలుపు ఉప్పును వెనక్కు తీసుకుంటుంది కనుక, ఈ పిల్లల చెమట బాగా ఉప్పగా ఉంటుంది. బిడ్డను ముద్దుపెట్టుకుంటే ఉప్పగా ఉన్నదని తల్లి చెబితే తేలికగా తీసుకోకూడదు. ఇది మన దేశంలో లేదని ఒకప్పుడు అనుకునేవారు, కానీ ఉన్నది. ఈ తలుపును కొంత మేరకు పనిచేయించే మందులు 2012 నుండి వచ్చాయి. ఖరీదు మాత్రం సామాన్యులకు అందనిది.

పుట్టుకతో బాగున్న తలుపును పాడుచేసుకునే మార్గం కూడా ఉంది. సారా అయినా, ఖరీదైన విస్కీ అయినా ఒకటే. మద్యం ఈ తలుపుల పనిని, వాటి సంఖ్యను తగ్గిస్తుందని 2015లో హంగరీ పరిశోధకులు చూపించారు. పొగ కూడా తోడైతే చెప్పనక్కరలేదు. ఊట తగ్గిన నాళంలో ఎంజైములు నిలిచిపోయి ముద్దకడతాయి, ఆ ముద్దలపై సున్నం చేరి రాళ్ళవుతాయి.

అయితే రాళ్ళున్న ప్రతివారూ తాగుబోతులని అనుకోవడం అన్యాయం. ఎన్నడూ మద్యం ముట్టనివారికి, చిన్న వయసులోనే క్లోమంలో రాళ్ళు ఏర్పడే జబ్బు దక్షిణ భారతంలో ఉన్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఎంజైములను అదుపులో ఉంచే స్పింక్-1 అనే జన్యువులో మార్పు ఈ రోగులలో ఎక్కువగా కనిపించింది. ఇరుగుపొరుగు మాటలు పడుతున్న రోగులకు ఈ సంగతి తెలియాలి.

కేప్సూళ్ళ సంగతి

క్లోమం దెబ్బతిన్నవారికి ఎంజైము కేప్సూళ్ళు రాస్తాము. వాటితో గ్యాస్ మాత్ర ఎందుకని అడుగుతారు. కేప్సూలులోని గుళికలకు జీర్ణాశయపు ఆమ్లంలో కరగని పూత ఉంటుంది. అది ప్రేగులో ఆమ్లం విరిగిన తరువాతనే కరగాలి. నాళం నుండి బైకార్బొనేట్ రాకపోతే అక్కడ కూడా ఆమ్లమే మిగులుతుంది, పూత సరిగా కరగదు. అందుకే కొందరికి ఆమ్లం తగ్గించే మాత్ర కలుపుతాము. దీనికి బదులు వంటసోడా తాగుతామనేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. అది జీర్ణాశయంలోనే పొంగి అయిపోతుంది, బి.పి. ఉన్నవారికి సోడియం హాని చేస్తుంది.

కేప్సూలును మొదటి ముద్దలతో వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే వృథా. గుళికలను నమలకూడదు, నూరకూడదు. ఇవి పంది క్లోమం నుండి తయారవుతాయి కనుక అభ్యంతరం ఉన్నవారు ముందే డాక్టరు గారితో మాట్లాడండి. మందు వాడుతున్నా మలం జిడ్డుగా, తేలుతూ, దుర్వాసనతో పోతుంటే, లేక బరువు తగ్గుతుంటే మోతాదు మార్చవలసి ఉంటుంది. తరువాతి చెకప్ వరకు ఆగకుండా రండి, వచ్చేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకురండి.