జనవరిలో శ్రీనగర్ ట్రిప్: చలి బయట, అసలు ప్రమాదం గదిలో

ఈ ఎపిసోడ్ శ్రీనగర్ గురించి. ఏప్రిల్‌లో తులిప్ పూలు చూసే శ్రీనగర్ గురించి అనుకునేరు, నేను చెప్పేది జనవరి శ్రీనగర్. మా ఆయనా నేనూ పోయిన జనవరిలో ఐదు రోజులు వెళ్లొచ్చాం. రీల్ పెట్టిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అక్కా, అంత చలిలో ఎలా ఉన్నారు? జాకెట్ ఎక్కడ కొన్నారు?" జాకెట్ సంగతి చెప్తాను. దానికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, అది కూడా చెప్తాను. జంటగా వెళ్లేవాళ్లు దాన్ని మాత్రం స్కిప్ చేయకండి.

ముందు చలి ఎంతో తెలుసుకుందాం. కశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలు చేసి పేర్లు పెట్టారు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, అంటే పెద్ద చలి. తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, చిన్న చలి. ఆఖరి 10 రోజులు చిల్లై బచ్చా, పిల్ల చలి. మనం జనవరిలో వెళ్తే దిగేది నేరుగా పెద్ద చలిలోకే. 2024 డిసెంబర్ 20-21 రాత్రి అక్కడ మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. మన లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటాం కదా, అక్కడ సున్నా దగ్గరికి వస్తేనే న్యూస్ అవుతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. మంచు పడే రాత్రి కంటే, ఆకాశంలో చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రే చలి ఎక్కువ. మబ్బులు దుప్పటిలాంటివి, నేల వేడిని పైకి పోనివ్వవు. మబ్బు లేకపోతే ఆ వేడంతా పోతుంది. తెల్లారేసరికి నల్లాలో నీళ్లు గడ్డకడతాయి, దాల్ సరస్సు అంచుల్లో మంచు పలక కడుతుంది. షికారా నడిపేవాళ్లు దాన్ని తెడ్డుతో పగలగొట్టుకుంటూ వెళ్తారు. చూడటానికి చాలా బాగుంటుంది. ఫొటో కోసం ఆ పలక మీద మాత్రం కాలు పెట్టొద్దు, అది ఎక్కడ ఎంత మందం ఉందో ఎవరికీ తెలియదు.

ఇక బట్టలు. ఒక్క లావు జాకెట్ కంటే మూడు పొరలు మేలు. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలీ తడీ ఆపేది. ఒంటికి ఆనుకుని కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చుకుని ఆరదు, తర్వాత అదే చల్లబడి వణికిస్తుంది. జీన్స్ కూడా అంతే, మంచులో తడిస్తే ఇక ఆరదు. గుల్‌మర్గ్ వెళ్లేదారిలో టంగ్‌మర్గ్ దగ్గర గమ్ బూట్లు, మంచు కోట్లు అద్దెకిస్తారు. రెండు రోజుల కోసం అవి కొనక్కర్లేదు.

ఫోన్ సంగతి, మీకు బాగా అవసరమైనది. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. సిగ్నల్ లేకపోతే ఓటీపీ రాదు, క్యాబ్ బుక్ కాదు. ఇద్దరిలో ఒక్కరైనా బయల్దేరే ముందే పోస్ట్‌పెయిడ్‌కి మారండి, కొంచెం క్యాష్ కూడా ఉంచుకోండి. ఇంకోటి, చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది. అందుకే 30 శాతం చూపిస్తున్న ఫోన్ కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. పాడైందని కంగారు పడకండి, వేడెక్కితే మళ్లీ ఆన్ అవుతుంది. లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. గడ్డకట్టినంత చల్లగా ఉన్నప్పుడు మాత్రం వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, గది వేడికి వచ్చాక పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. మేము ఒక రాత్రి హౌస్‌బోట్‌లో ఉన్నాం. గదిలో బుఖారీ, అంటే కట్టెలతో మండే రేకు పొయ్యి, దానికో పొగగొట్టం. గది వెచ్చగా, హాయిగా ఉంది. పడుకునే టైమ్‌కి అక్కడ చూసుకునే పెద్దాయన వచ్చి దాన్ని ఆర్పేశారు, కిటికీ రెండు వేళ్ల మందం తెరిచారు. "చాచా, రాత్రంతా ఉండనివ్వండి, చలేస్తుంది" అన్నాను. ఆయన రెండు రజాయిలు తెచ్చి చేతికిచ్చి, "చలికి లేస్తావు బేటీ, ఈ గాలికి లేవలేవు" అన్నారు. ఆ మాట వెనక ఉన్న సైన్స్ ఏంటో చూద్దాం.

బొగ్గు, కట్టె, గ్యాస్, ఏది మండినా ఆక్సిజన్ కావాలి. మూసిన గదిలో అది తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువ కూడా రాదు. 2025 జనవరిలో శ్రీనగర్‌లోనే ఒక ఇంట్లో ఐదుగురు, పిల్లలతో సహా, ఇలా ఊపిరాడకే పోయారని వార్తలొచ్చాయి. అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకే ఇలా జరుగుతుంటే, మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

మొదట వచ్చేది తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం. ప్రయాణం బడలికనో, జలుబనో అనుకోవడం చాలా తేలిక. జంటలు గుర్తుపెట్టుకోవాల్సిన గుర్తు ఒకటుంది: గదిలో ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి మొదలై, బయటికొస్తే తగ్గుతుంటే, అనుమానించాల్సింది ఆ గదిలో గాలిని. టాబ్లెట్ వేసుకుని పడుకోవద్దు. పక్కవాళ్లని లేపి ఇద్దరూ బయటికి రండి, 112కి ఫోన్ చేయండి. తగ్గినట్టు అనిపించినా హాస్పిటల్‌కి వెళ్లండి, దీనికి మందు ఆక్సిజనే.

రూమ్ బుక్ చేసేటప్పుడే అడగండి: హీటింగ్ దేంతో? కరెంట్ బ్లాంకెట్టా, బుఖారీనా, గ్యాస్ హీటరా? బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందా, ఉంటే గాలి పోయే దారి ఉందా? ఈ గీజర్ ప్రమాదాలు మన ఊళ్లలోనూ జరుగుతాయి. మంట ఏదైనా పడుకునే ముందు ఆర్పేయాల్సిందే. ఫిరన్ లోపల పెట్టుకునే కాంగ్రీ, అదే నిప్పుల కుండ, భలే ముద్దుగా ఉంటుంది. పగలు పట్టుకుని ఫొటో దిగండి, మంచం మీదకి మాత్రం తేవద్దు. బ్యాటరీతో నడిచే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మామూలు పొగ అలారం వేరు, ఇది వేరు, చూసి కొనండి.

ఇదంతా విని ట్రిప్ క్యాన్సిల్ చేసుకోకండి! పొద్దున్నే పాతబస్తీలో హరీసా తినండి, మటన్‌ని బియ్యంతో కలిపి రాత్రంతా ఉడికించి, మెత్తగా మెదిపి, వేడివేడిగా పెడతారు. గులాబీ రంగు నూన్ చాయ్ తాగండి, అది ఉప్పు టీ, మొదటి గుక్కకి మా ఆయన మొహం చూడాలి! మంచుకి ఫ్లైట్లు ఆగొచ్చు, హైవే మూసేయొచ్చు, కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి. 2025 జూన్ నుంచి కట్రా-శ్రీనగర్ వందే భారత్ రైలు కూడా ఉంది, అదీ చూసుకోవచ్చు.

ఈ శీతాకాలం వెళ్తున్న ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే, ఆ తలనొప్పి గుర్తు ఒక్కటైనా వాళ్లకి చెప్పండి. ఇద్దరూ హాయిగా తిరిగి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.